చెక్క కోస్టర్‌కి పని ఎప్పటికీ అయిపోదు

అమెరికాలో చెక్క రోలర్ కోస్టర్ ఎక్కి దిగిన మనవాళ్లలో చాలామంది అనే మాట: "అమ్మో, మొత్తం ఊగిపోతోంది, కూలిపోతుందేమో అనిపించింది." ఊగడం నిజమే, అది ఊగాలి కూడా. అంత బరువు అంత వేగంతో వెళ్తుంటే చెక్క కాస్త వంగి ఆ తాకిడిని తీసుకుంటుంది, లేకపోతే అదంతా అతుకుల మీదే పడుతుంది. నన్నడిగితే పట్టించుకోవాల్సింది ఊగుడుని కాదు, నడుం పట్టేసే కుదుపుల్ని. అవి ఏటేటా పెరుగుతున్నాయంటే చలికాలంలో మరమ్మతుల కోసం పార్కు వాళ్ల చెయ్యి జేబులోకి వెళ్లడం లేదన్నమాట.

చెక్క కోస్టర్ బండి పరిగెత్తే పట్టా రైలు పట్టాలాంటి ఇనుప కమ్మీ కాదు. పైన్ పలకల్ని ఏడెనిమిది వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మేకులతో, బోల్టులతో బిగించి, చక్రం ఆనే చోట మాత్రం పల్చటి స్టీలు పట్టీ వేస్తారు. పట్టా అడుగున ఇంకో జత చక్రాలు ఉంటాయి, 1919లో జాన్ మిల్లర్ పేటెంట్ తీసుకున్న ఏర్పాటు, అందుకే మనం సీట్లోంచి లేచిపోయినా బండి మాత్రం లేవదు. దిగుడు అడుగునా మలుపుల్లోనూ ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడి పలకలు ముందు నలుగుతాయి, పట్టీ కింద ఖాళీ ఏర్పడుతుంది, ఇక అక్కడికొచ్చిన ప్రతిసారీ బండి గుంతలో పడ్డ ఆటోలా ఎగిరిపడుతుంది.

అందుకే పొద్దున్నే గేట్లు తీయకముందు మెకానిక్కులు సుత్తి, పానా పట్టుకుని పట్టా వెంట నడుస్తారు. వానకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, ఈ రెండింటి మధ్య నిన్న బిగించిన నట్టు ఇవాళ వదులవుతుంది, మేకు తల పైకి లేస్తుంది. వాటిని సరిచేసి, ఖాళీ బండి తిప్పి చూశాకే జనాన్ని ఎక్కిస్తారు. ఇక పుచ్చు, చెద పట్టకుండా కలపకి ముందే మందు ఎక్కిస్తారు. పైపైన పూయడం కాదు, పెద్ద ట్యాంకులో పెట్టి, గాలి లాగేసి, ప్రెషర్‌తో లోపలికి దిగేలా చేస్తారు.

అసలు పని శీతాకాలంలో, కోస్టర్ ఆగి ఉన్నప్పుడు. ఒహాయోలో సిన్సినాటి దగ్గర కింగ్స్ ఐలాండ్ పార్కులో 1979 నుంచి నడుస్తున్న ది బీస్ట్, ప్రపంచంలో అతి పొడవైన చెక్క కోస్టర్, 7,361 అడుగులు. 2022 సీజన్‌కి ముందు దాదాపు 2,000 అడుగుల పట్టా పీకేసి కొత్తది వేశారు, పనిలో పనిగా మొదటి దిగుడుని 45 డిగ్రీల నుంచి 53కి పెంచారు. పొడవు కూడా రెండడుగులు పెరిగింది! నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, ఏటా కొంత కొంత మార్చుకుంటూ పోవడం.

అందరికీ అంత ఓపిక ఉండదు. టెక్సాస్ జెయింట్ అనే చెక్క కోస్టర్ 1990లో వచ్చింది, కుదుపులు భరించలేనంతగా తయారయ్యాక 2011లో చెక్క కట్టడం మీదే స్టీలు పట్టా వేసేశారు. సాఫీగా ఉంటుంది, కాదనను, కానీ అది వేరే రైడు. న్యూజెర్సీలోని ఎల్ టోరో అనే చెక్క కోస్టర్‌కి 2006లోనే ఫ్యాక్టరీలో కోసి తెచ్చిన పట్టా బిగించారు, చేత్తో వంచి కొట్టిన పలకల కంటే నున్నగా ఉంటుందని పేరు. అయినా 2022 ఆగస్టులో ఒక్క గట్టి కుదుపుకి 14 మందికి దెబ్బలు తగిలాయి, మళ్లీ తెరిచింది 2023లోనే. ఎలా కోసినా చెక్క చెక్కే, రోజూ చూసుకోవాల్సిందే.

ఎక్కేవాళ్లకి ఒక చిట్కా. బీస్ట్ పెట్టెకి మూడు వరసలుంటాయి, ముందు వెనక వరసలు చక్రాల మీదికి వస్తాయి. నడుం నొప్పి ఉన్నవాళ్లు మధ్య వరస చూసుకోండి, క్యూలో ఇంకాసేపు ఆగాల్సి వచ్చినా సరే.