అమ్మ దురద తామర కాదు

అమ్మకు గజ్జల్లో ఎర్రటి మచ్చ, దురద. రెండేళ్లు తామర మందులే వాడాం. ఆ చోటు చూపించాలంటే అమ్మకు సిగ్గు. నేనైనా గట్టిగా అడగలేదే అని ఇప్పటికీ బాధే. చివరికి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే ఎక్స్‌ట్రామామరీ పాజెట్స్ అని తేలింది. అరుదైన చర్మ క్యాన్సర్.

మామూలుగా కోసి తీసేస్తారు. అమ్మకు 78 ఏళ్లు, గుండె బలహీనం. జబ్బు పైపొర దాటలేదని రూఢి చేసుకున్నాకే డాక్టరమ్మ ఇమిక్విమాడ్ 5 శాతం క్రీము రాశారు. 1997లో అమెరికాలో పులిపిర్లకు అనుమతి పొందిన మందు ఇది. చర్మంలోని రోగనిరోధక శక్తిని లేపి చెడ్డ కణాల మీదికి ఉసిగొల్పుతుంది.

వారానికి మూడు రాత్రులు నేనే గ్లౌజులేసుకుని రాసేదాన్ని, తెల్లారి సబ్బుతో కడిగేదాన్ని. మూడో వారానికి అక్కడంతా పుండై, కారం పూసినట్టు మండేది. ఒళ్లునొప్పులు, జ్వరం. పాత నూలు చీర చింపి మెత్తగా పరిచేదాన్ని. డాక్టరమ్మ వారం ఆపించి మళ్లీ మొదలుపెట్టించారు.

నాలుగు నెలలకు మళ్లీ ముక్క తీస్తే ఆ కణాలు కనబడలేదు. తిరగబెట్టే జబ్బు కాబట్టి ఆర్నెల్లకోసారి వెళ్తున్నాం. మొన్న నేను నోరు తెరిచేలోపే అమ్మ, "ఇదిగో, ఇక్కడమ్మా" అని తనే చూపించింది.