గుణుపురం రైల్లో శుభలేఖ

పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి ఉన్న కాస్త దూరానికి ఆటోవాడు నా దగ్గర వంద రూపాయలు పిండాడు. పక్కవాళ్లు ఇరవై ఇచ్చి దిగిపోయారు. ఆ చిరాకులో రాజావారి కోటను బయట నుంచే చూసి, మధ్యాహ్నం గుణుపురం రైలెక్కేశాను.

ఎదురు సీట్లో ఒక పెద్దావిడ ఫోనులో ఎవరినో ఒడియాలో గట్టిగా కేకలేస్తోంది. ఫోను పెట్టేశాక నా చేతిలో పేపరు చూసి, "తెలుగు సదవడం వచ్చునేటి బాబూ?" అంది. సంచిలోంచి పసుపు పూసిన శుభలేఖ తీసింది. టెక్కలిలో ఆడపడుచు కొడుకు పెళ్లట.

ఆవిడ చదువుకోనిదేం కాదు. ఒడియాలో పదో తరగతి దాకా చదివింది. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తెలుగే, బడిలో మాత్రం ఒడియా. తెలుగు అక్షరం ఎవరూ దిద్దించలేదు.

"సుముహూర్తమున... ఆశీర్వదింప ప్రార్థన" అని చదువుతుంటే మధ్యలో ఆపింది. "రేడియోలో వార్తల్లాగుంది బాబూ, మామూలుగా సెప్పు." చెప్పాను. నవ్వింది.

ఇదంతా వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి ఊరు పర్లాకిమిడి దాటగానే జరిగింది. 1880లో బడిపంతులుగా వచ్చి ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపారు. ఇక్కడి గిరిజనులు మాట్లాడే, అప్పటికి లిపి లేని సవర భాషను చెవితో విని నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం తెలుగు అక్షరాల్లో పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. మా గుంటూరులో పని చేసి ఉంటే ఆయనకు జనం మాట మీద అంత పట్టుదల వచ్చేది కాదని నాకు అనిపిస్తుంది. మా వీధిలో గోడ మీద రాత నుంచి గుళ్లో మైకు దాకా అన్నీ తెలుగే. పక్క భాష చెవిన పడకుండానే నా ఇంటర్ అయిపోయింది. ఇక్కడి పిల్లలు అంగడికి వెళ్లి వచ్చేలోపు రెండు భాషల్లో బేరమాడతారు.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు వారు భరించలేక రాజమండ్రి వెళ్లిపోయారు. ఈవిడ తాతలు ఉండిపోయారు.

"మనవలకి తెలుగు నేర్పిస్తున్నారా అమ్మా?"

"మాటాడతారు. మా ఊళ్లో సదువు సెప్పేవోళ్లేరి?"

నాకు చాలా కష్టమనిపించింది. సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువుండాలని ఒక తెలుగు మాస్టారు సొంత డబ్బు పోసిన చోట, తెలుగు పిల్లలకు వారానికి రెండు గంటలైనా అక్షరాలు నేర్పే మనిషి లేకపోవడం ఏమిటి? టెక్కలి, పాతపట్నంలలో రిటైరైన మాస్టార్లు ఎంతమంది ఖాళీగా లేరు! ఒక్కరు ఆదివారం రైలెక్కినా చాలు.

ఆవిడ నా పెన్ను తీసుకుని తేదీ, ముహూర్తం, కల్యాణ మండపం పేరు శుభలేఖ వెనకాల ఒడియాలో రాసుకుంది. రాత్రి పదకొండింటికి ముహూర్తం పెడితే తిరుగు బండి ఎక్కడుంటుందని ఆడపడుచును తిట్టుకుంటూ కాశీనగర్‌లో దిగింది.