కార్ట్‌లో ఒక రాత్రి ఉండనివ్వండి

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, తొందరపాటు ఎక్కువగా ఉండే మెదడు సమస్య) ఉన్న పెద్దవాళ్ళకి "కాస్త ఓపిక పట్టు" అని చెబితే సరిపోదండి, ఎందుకంటే ఆగి ఆలోచించమనే పని చేసేది మెదడు ముందు భాగం, మాలో బలహీనంగా ఉండేది సరిగ్గా ఆ బ్రేకే. పెంపకం లోపం కానే కాదు. అందుకే నేను మనసుతో పోట్లాడటం మానేసి చుట్టూ ఉన్నవాటిని మార్చుకున్నాను: షాపింగ్ యాప్‌లలో కార్డు వివరాలు సేవ్ చేయను, యూపీఐకి వేరే ఖాతా పెట్టుకుని అందులో వారం ఖర్చుకి సరిపడా డబ్బే ఉంచుతాను, ఎంత నచ్చిన వస్తువైనా కార్ట్‌లో ఒక రాత్రి ఉండాల్సిందే. కోపంగా ఉన్నప్పుడు మెసేజ్ నోట్స్‌లో టైప్ చేస్తాను, అక్కడినుంచి తొందరలో వెళ్ళిపోదు. నిద్ర తక్కువైన రోజు ఇవన్నీ చాలా కష్టం. మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు చాలామందికి సాయం చేస్తాయి, కానీ సైకియాట్రిస్ట్ రాస్తేనే వాడండి, ఫ్రెండ్ దగ్గర అడిగి మాత్రం వద్దు. నేను మాటకి అడ్డొస్తుంటే చెయ్యెత్తమని అమ్మకి చెప్పాను, ఎత్తగానే ఆగుతాను, అమ్మ చెప్పేది పూర్తిగా వింటాను.