తేమ లెక్క తేలేదాకా: సుబాబుల్ కర్రతో నా ఎం.టెక్. ప్రాజెక్టు

కెమికల్ ఇంజినీరింగ్ అయ్యాక పేపర్ టెక్నాలజీలో ఎం.టెక్.లో చేరాను. ప్రాజెక్టుకి సుబాబుల్ తీసుకున్నాను. ఒకప్పుడు మన మిల్లులు ఎక్కువగా వెదురు మీద నడిచేవి. ఇప్పుడు రాజమండ్రికైనా, భద్రాచలం పక్కనున్న సారపాకకైనా లారీల్లో వెళ్లేది చాలావరకు రైతులు పెంచిన సుబాబుల్, జామాయిల్, సరుగుడే. నా ప్రశ్న చిన్నది. రెండేళ్ల చెట్టునీ నాలుగేళ్ల చెట్టునీ ఒకే స్థాయి దాకా ఉడికిస్తే ఏది ఎంత గుజ్జు ఇస్తుంది? ప్రకాశం జిల్లా నుంచి బెరడు తీసిన కర్ర తెప్పించుకున్నాను. నాలుగు రోజుల్లో గుజ్జు చేతికొస్తుందనే ధీమాతో ఉన్నాను.

మా గైడ్ గారు కర్ర ఉడికించే పాత్ర, అదే డైజెస్టర్, దాని దగ్గరికే రానివ్వలేదు. "ఉడకబెట్టడానికేముందయ్యా, ముందు తేమ కొలవడం నేర్చుకో" అన్నారు. చాదస్తం అనుకున్నాను. చిప్స్‌ని, అంటే కర్రని కొట్టిన చిన్న ముక్కల్ని జల్లెడ పట్టి, మరీ లావువీ పొడీ ఏరేసి, కొంచెం తూచి 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టడం, బరువు ఇక తగ్గదనేదాకా తూస్తూ ఉండడం. ఇందులో పరిశోధన ఏముంది?

లెక్క వేసి చూస్తే తెలిసింది. కర్రని గుజ్జు చేసే క్రాఫ్ట్ పద్ధతిలో వాడేది కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్. ఆ మందు మోతాదు ఎండు కర్ర బరువు మీద వేస్తారు. నాకు 200 గ్రాముల ఎండు కర్ర కావాలి. తేమ 12 శాతం అనుకుంటే 227 గ్రాముల చిప్స్ తూచాలి. అసలు తేమ 15 శాతం ఉందనుకోండి, ఆ 227లో ఎండు కర్ర 193 గ్రాములే. 17 శాతం అనుకుని పోసిన ఆ మందు (ఆల్కలీ) 17.6 అయి కూర్చుంటుంది. అక్కడితో ఆగదు. నిజంగా 47 శాతం గుజ్జు వచ్చినా, నేను 200తో భాగిస్తాను కాబట్టి 45.4 అని రాసుకుంటాను. రెండేళ్ల కర్రకీ నాలుగేళ్ల కర్రకీ మధ్య నేను వెతుకుతున్న తేడా కూడా ఆ పాటిదే! తేమ సరిగా లేకపోతే థీసిస్‌లో చెట్టు వయసు ఉండదు, మూత సరిగా బిగించని చిప్స్ డబ్బా ఉంటుంది. ఆ తర్వాత చిప్స్‌ని మందపాటి పాలిథిన్ సంచుల్లో మూతి కట్టి ఉంచేవాణ్ణి. వంట పెట్టిన ప్రతిరోజూ తేమ కొత్తగా చూసేవాణ్ణి.

వంట దగ్గరికి వస్తే, టెన్షనంతా ఉష్ణోగ్రతతోనే. కాలాన్నీ వేడినీ కలిపి ఒకే అంకెగా చెప్పే హెచ్ ఫ్యాక్టర్ అని ఒకటుంది. 1957లో వ్రూమ్ ప్రతిపాదించాడు. 100 డిగ్రీల దగ్గర గంట ఉడికిస్తే అది 1. 160 దగ్గర గంటకి సుమారు 400. 170 దగ్గర 900 దాటిపోతుంది. నేను ఉడికించేది 165లో. మీటరు రెండు డిగ్రీలు తక్కువ చూపించినా వంట వేగం దాదాపు 18 శాతం ఎక్కువైపోతుంది. అందుకే వేడి కొలిచే థర్మోకపుల్‌ని విడిగా సరిచూసుకోకుండా ఏ వంటా మొదలుపెట్టలేదు. ఒంటిగంటకు పెడితే సాయంత్రం దాకా కదలడానికి ఉండదు. భోజనం కూడా అక్కడే, డబ్బాలో.

వంట అయ్యాక డైజెస్టర్ నుంచి గ్యాస్ వదిలేటప్పుడు వచ్చే వాసన గురించి చెప్పాలి. మిథైల్ మెర్కాప్టన్. పేపర్ మిల్లున్న ఊళ్లో పెరిగినవాళ్లకు పరిచయమే. ఫ్యూమ్ హుడ్ ఎంత లాగినా చొక్కాకీ జుట్టుకీ పట్టేస్తుంది. ఒక రాత్రి నేను గదికి రాగానే కింద ఇంటావిడ స్టవ్ దగ్గరికి పరిగెత్తి సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసింది. ఆవిడ తప్పేం లేదు, వంట గ్యాస్‌కి వాసన కోసం కలిపేది ఇథైల్ మెర్కాప్టన్, దీని అక్కచెల్లెలే. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, వంట అయ్యాక మిగిలే నల్ల ద్రవంలో యాసిడ్ మాత్రం పొరపాటున కూడా పడకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది ప్రాణం తీస్తుంది.

కడిగి, జల్లించి, ఉడకని ముక్కలు వేరుచేశాక కప్పా నంబరు. కర్రలో నారల్ని అతికించి ఉంచే లిగ్నిన్ గుజ్జులో ఇంకా ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష. గుజ్జుని నీళ్లలో విడదీసి, యాసిడ్ కలిపిన పర్మాంగనేట్ పోసి, 25 డిగ్రీల దగ్గర సరిగ్గా పది నిమిషాలు కలపాలి. పొటాషియం అయొడైడ్ పోయగానే ఊదా రంగు పోయి టీ డికాషన్ రంగు వస్తుంది. థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తూ పోతే లేత పసుపు. అప్పుడు స్టార్చ్ వెయ్యాలి, ఒక్కసారిగా ముదురు నీలం అవుతుంది. అక్కణ్ణుంచి చుక్క చుక్కగా. ఒక చుక్కకి నీలం ఉంటుంది, మరుసటి చుక్కకి ఉండదు. వచ్చిన నంబరుని 0.15తో గుణిస్తే లిగ్నిన్ శాతం సుమారుగా వస్తుంది. నా లక్ష్యం 18, అంటే 2.7 శాతం.

"సుమారుగా" అనే మాట దగ్గరే ఇంకో చిక్కు. సుబాబుల్, జామాయిల్ లాంటి కర్రల్లో ఉండే జైలాన్ అనే పదార్థం నుంచి ఉడికేటప్పుడు హెక్సెన్యురోనిక్ ఆమ్లం పుడుతుంది. అదీ పర్మాంగనేట్‌ని తినేస్తుంది. కాబట్టి 18లో కొంత భాగం లిగ్నిన్ కానే కాదు. అది విడిగా కొలిస్తే గానీ ఒక కర్రకీ ఇంకో కర్రకీ పోలిక న్యాయంగా ఉండదు. పాత థీసిస్‌లు కొన్ని ఈ సంగతి ఎత్తకుండానే పోల్చేశాయి. నాకది నచ్చలేదు, ఓ అధ్యాయంలో గట్టిగానే రాశాను.

గుజ్జుని పీఎఫ్‌ఐ మిల్లు అనే ల్యాబ్ యంత్రంలో దంచడం, 60 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 60 గ్రాముల) కాగితపు షీట్లు తియ్యడం, చింపి బలం చూడడం, ఇవన్నీ ఓపిక పని. ఏసీ గది కాబట్టి వేసవిలో హాయిగానే గడిచింది.

చివరికి తేలింది నేను ఊహించని చోట. ఒకే కప్పా దగ్గర గుజ్జు శాతంలో పెద్ద తేడా కనపడలేదు. సాంద్రతలో కనపడింది. కర్ర ముక్కని నీళ్లలో బాగా నానబెట్టి, త్రాసు మీదున్న బీకరులో సూదితో ముంచితే పెరిగిన గ్రాములే దాని ఘనపరిమాణం. ఓవెన్‌లో ఎండిన బరువుని దాంతో భాగిస్తే సాంద్రత. లేత కర్ర తేలిక. మిల్లులో డైజెస్టర్ సైజు మారదు కదా, తేలిక కర్ర నింపితే ఒక్కో వంటకి దిగే గుజ్జు తక్కువ.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇదంతా మా బాబాయికి చెప్పాను. ఆయనది ఆరెకరాల సుబాబుల్. కాటా దగ్గర టన్నుకింత అని డబ్బులిస్తారు, నరికిన కర్రలో సగం దాకా నీళ్లే. రెండు రోజులు లారీ దొరక్కపోతే ఎంత బరువు పోతుందో ఆయనకు ఏ ఓవెనూ లేకుండానే తెలుసు. నేను సాంద్రత, ఎండు బరువు అంటూ చెప్పుకుపోతుంటే అంతా విని, "అయితే ఒరే, ఎండు కర్ర లెక్కన కొంటే మాకు లాభమా, వాళ్లకా?" అన్నాడు.

"రేటు ఎంత పెడతారన్న దాన్ని బట్టి బాబాయ్" అన్నాను.

"అది తేలేదాకా నీ పుస్తకం మిల్లోళ్లకి చూపించమాకు."