సెస్నాలో మా అమ్మాయి ఇంటికి

రెండేళ్ల కిందట డాలస్ దగ్గర ప్రాస్పర్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, దారి పొడవునా నేను చూసింది ముందు సీటు వెనకాల ఉన్న టీవీ ఒక్కటే. భోజనాలు కాగానే కిటికీలు మూసేయమన్నారు. మళ్ళీ తెరిచేసరికి అమెరికా. మరి మధ్యలో ఉన్నదంతా ఏమైనట్టు? ఆ సంగతి తేలక, రిటైరయ్యాక కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే ఇంట్లో కూర్చునే విమానం నడిపే ప్రోగ్రాం, పెట్టించుకున్నాను. అల్లుడు జాయ్‌స్టిక్ పంపాడు. విమానం మాత్రం నేనే ఎంచుకున్నాను. సెస్నా 172. నాలుగు సీట్లు, ఒకటే ఇంజను, గంటకు 220 కిలోమీటర్లకు అటూ ఇటూగా వేగం.

నియమాలు పెద్దగా ఏం లేవు. నిన్న ఎక్కడ దిగితే ఇవాళ అక్కడే ఎక్కాలి. టైమూ వాతావరణమూ అసలువే ఉండాలి. పెట్రోలు ఎప్పటికీ అయిపోకుండా చేసే మీట ఒకటి ఉంటుంది, దాని జోలికి పోకూడదు.

బయలుదేరింది బేగంపేట నుంచి. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక మామూలు ప్రయాణికుల విమానాలు అక్కడ ఆగిపోయాయి కానీ, రన్‌వే ఉంది కదా. పడమటికి లేచాను. మూసాపేటలో మా ఇల్లు వెతికేలోపే వెనక్కి పోయింది. వెనక కుర్చీలో కూర్చున్న మా అమ్మ మాత్రం "అగో, మన గుడి" అంది. అది గుడి కాదు, ఏదో గోడౌను. నేనేమీ అనలేదు.

ముంబైలోని జుహూలో దిగిన రోజు కాస్త గర్వంగానే ఉండింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో టపా సంచులు వేసుకుని, పస్ మాత్ అనే చిన్న విమానంలో అహ్మదాబాద్‌లో ఆగి దిగింది ఇక్కడే. ఇక్కడి నుంచి ఆ టపాను నెవిల్ వింట్‌సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. టాటా వచ్చిన దారికి నేను ఎదురు వెళ్ళాను. కచ్ రణ్ మీద తెల్లటి ఉప్పు నేల ఎంతకీ తరగదు. నా ముందు జీపీఎస్ ఉంది, ఆయన దగ్గర రేడియో కూడా లేదు. ఆ ఉప్పు మీద ఆయనకు గుర్తుగా ఏముండి ఉంటుందా అని చాలాసేపు కిందికే చూస్తూ కూర్చున్నాను.

కరాచీ నుంచి మస్కట్, అక్కడి నుంచి గల్ఫ్ మీదుగా బాగ్దాద్, టర్కీ. రోజుకు ఒక మజిలీ, రాత్రి భోజనాలయ్యాక. పొద్దున టీ తాగుతూ అమ్మ అడిగేది, "ఏం రా, ఏడిదాక పోయినవ్?" యూరప్ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మబ్బులు, పొలాలు, మళ్ళీ మబ్బులు. స్కాట్లాండ్ కొసన విక్ దాటాక అసలు కథ మొదలైంది. చిన్న విమానాలను అట్లాంటిక్ దాటించే పైలట్లు ఒక్క దూకులో దాటరు. ఫారో దీవులు, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, కెనడా అని వాగులో రాళ్ల మీద కాలు పెట్టి దాటినట్టు దాటుతారు. నేనూ అంతే.

గ్రీన్‌లాండ్ తూర్పు ఒడ్డున కులుసుక్‌ది 1,200 మీటర్ల కంకర రన్‌వే. అక్కడి నుంచి పడమటి ఒడ్డున కాంగర్లుస్సువాక్‌కు మంచు మైదానం అడ్డంగా 600 కిలోమీటర్లు పైనే. ఇక్కడ రాత్రి పది దాటింది, అక్కడ మధ్యాహ్నం. 11,000 అడుగుల్లో వెళ్తున్నాను. అంత ఎత్తులో గాలి పలచబడుతుంది కాబట్టి ఎర్ర పిడి కొంచెం వెనక్కి లాగి పెట్రోలు తగ్గించాలి, లేకపోతే ఇంజను దగ్గుతుంది. కింద తెలుపు, పైన తెలుపు, నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో ఆనవాలు లేదు. మీటరు చూపేది సముద్రం నుంచి ఎత్తు. కింద మంచు మాత్రం తెలియకుండా ఎనిమిది వేల అడుగులకు పైగా లేచి ఉంది.

"టీవీ ఖరాబైంది రా?" అంది అమ్మ.

కాలేదమ్మా, మంచు అన్నాను. అనడం పూర్తికాకుండానే కరెంటు పోయింది. మూసాపేటలో మామిడికాయల కాలం గాలివాన. ఫ్యానుకూ లైటుకూ ఇన్వర్టర్ ఉంది, కంప్యూటర్‌కు లేదు. నియమం నియమమే కాబట్టి మర్నాడు యూపీఎస్ కొనుక్కొచ్చి మళ్ళీ కులుసుక్ నుంచే ఎక్కాను.

ఈసారి మైదానం నడుమ మబ్బులోకి దూరాను. కాసేపటికి వేగం ముల్లు దిగడం మొదలుపెట్టింది. 105, 90, 70 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). విమానం పడిపోతోందని చెయ్యి దానంతట అదే ముక్కును కిందికి తోసింది. కింద మంచు ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క క్షణం ఆగి విన్నాను. ఇంజను మోతలో మార్పు లేదు. జీపీఎస్‌లో వేగం ఎప్పటిలాగే ఉంది. అంటే తగ్గింది వేగం కాదు, దాన్ని కొలిచే గొట్టం గడ్డకట్టింది. రెక్క కింద ఉండే ఆ వేలెడు గొట్టాన్ని వేడిచేసే స్విచ్చు నా మోకాలి దగ్గరే ఉంది, నేనే వేయలేదు. వేశాక ముల్లు మెల్లగా పైకి లేచింది. ఉన్నది మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలోనే, కానీ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ఆ తర్వాత కెనడాలోని ఇకాలుయిట్ మజిలీ, 900 కిలోమీటర్లు, మధ్యలో సముద్రం. ట్యాంకు నిండితే ఐదున్నర గంటలు వస్తుంది. మొదటి రాత్రి ఎదురుగాలి 25 నాట్లు. లెక్క వేస్తే చేరడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. గంట వెళ్ళాక వెనక్కి తిప్పేశాను. మా ఆవిడ నవ్వింది, "బొమ్మ విమానానికి కూడా భయమేనా?" అని. నిజంగా వెళ్ళేవాళ్ళు క్యాబిన్‌లో అదనపు ట్యాంకు బిగించుకుంటారు, లేదా గాలి తగ్గేదాకా హోటల్లో కూర్చుంటారు. నేను మూసాపేటలో మూడు రోజులు కూర్చున్నాను.

కెనడా అంతా చెరువులే, ఎవరో నేల మీద నీళ్లు చిమ్మినట్టు. దక్షిణానికి దిగేకొద్దీ పచ్చబడి, టెక్సస్‌లో నేల చదునైంది. నాలుగు నెలలు, గాల్లోనే ఎనభై గంటలకు పైన.

చివరి రాత్రి అమ్మాయికి వీడియో కాల్ పెట్టాను. అక్కడ పొద్దున పదకొండున్నర. ప్రాస్పర్ మీద చక్కర్లు కొడుతుంటే దారి చెప్పింది, "వాటర్ ట్యాంకు దాటు నాన్నా, ఆ చెరువుకి ఎడమ పక్క." చెరువు దొరికింది. ఎడమ పక్క గడ్డి మైదానం, ఒక మట్టి రోడ్డు. వాళ్ళ కమ్యూనిటీ కట్టకముందు తీసిన ఉపగ్రహ ఫొటో అది.

"ఇల్లేది రా?" అంది అమ్మ.

"ఇంకా కట్టలేదు నానమ్మా," అని ఫోన్లో మా అమ్మాయి ఒకటే నవ్వు.

దగ్గర్లోని మెకిన్నీ ఎయిర్‌పోర్టులో దిగి, ఎర్ర పిడి పూర్తిగా వెనక్కి లాగాను. విమానం ముందున్న ఫ్యాను రెండు తిప్పులు తిరిగి ఆగింది. అమ్మ చాలాసేపు తెర వైపే చూసింది.

"ఇగ ఇంటికెట్ల వస్తవ్ రా, మళ్ల అంత దూరం?"