బీబీసీ మైక్రో మళ్లీ పలికింది

1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్ బీబీసీ మైక్రో పాతది చేతికి రాగానే ఎవరికైనా స్విచ్ వేసి చూడాలనిపిస్తుంది. చాలాసార్లు వెలుగుతుంది కూడా. కాసేపటికి టప్‌మని ఒక చప్పుడు, గదినిండా ఘాటు పొగ. ఈ సంగతి ముందే చదివి ఉన్నాను కాబట్టి నేను స్విచ్ జోలికి పోలేదు.

1984లో కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పే ‘క్లాస్’ పథకం కింద బడులకిచ్చినవి ఈ మెషీన్లే. నాదీ ఏదో బడి సామానుతో పాటు పాత ఇనుము కొట్టుకు చేరిందే. మోడల్ బి: 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, 32 కేబీ ర్యామ్. ‘ఫిక్స్’ అని రాసి ఉన్న నాలుగు స్క్రూలు విప్పితే మూత వచ్చేసింది. లోపల దుమ్ము, బల్లిగుడ్ల పెంకులు.

ముందు పవర్ సప్లై పెట్టె విప్పాను. ప్లగ్ పీకేసినా అందులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. మీటర్ పెట్టి చూడకుండా వేలు పెట్టొద్దు. కరెంటు లోపలికొచ్చే చోట రెండు ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. వాటి తేనెరంగు పూత నిండా సన్నని బీటలు. ఆ బీటల్లోంచి తేమ లోపలి కాగితంలోకి ఇంకుతుంది, పొగకు మూలం అదే. కోఠి గుజరాతీ గల్లీలో 0.1, 0.01 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం (మెయిన్స్ కరెంటుకు వాడేవి) కొత్తవి దొరికాయి. పనిలో పనిగా 220 మైక్రోఫారడ్‌దీ మార్చేశాను. బోర్డుకు కలపకుండా 5 వోల్టుల తీగలకు కారు బల్బు తగిలించాను. మసగ్గా వెలిగింది, మీటర్ 5.05 చూపించింది.

బోర్డుకు కలిపి స్విచ్ వేస్తే బొయ్‌య్‌య్‌ మని ఆగని మోత. ఈ మెషీన్‌లో నాకు బాగా నచ్చేది ఇదే, జబ్బేమిటో అదే చెప్తుంది. కరెంటు రాగానే సౌండ్ చిప్ తోచినట్టు మోగుతుంది. రోమ్‌లోని (చెరిగిపోని మెమరీ చిప్పుల్లోని) ప్రోగ్రాం నడవడం మొదలయ్యాక దాని నోరు మూయించి, సన్నగా ఒక బీప్ కొడుతుంది. మోత ఆగలేదంటే ప్రోగ్రాం నడవట్లేదన్నమాట. సాకెట్లలోని చిప్పుల కాళ్లు నల్లబడి ఉన్నాయి. ఒక్కొక్కటే పీకి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిచి, తిరిగి నొక్కాను. రోమ్ చిప్పులు తుడిచినా మోత పోలేదు. 6502ను తీసి, తుడిచి, మళ్లీ పెట్టాక మాత్రం బొయ్... బీప్!

టీవీలో ‘బీబీసీ కంప్యూటర్ 32కె’ అని వచ్చింది. బ్రిటన్లోనూ మనకూ టీవీకి పాల్ పద్ధతే, కరెంటూ దాదాపు అంతే, కాబట్టి కన్వర్టర్ల గొడవ లేదు. ఒకే తీగలో బొమ్మంతా పంపే కాంపోజిట్‌లో నలుపు తెలుపే వస్తుంది. బోర్డు మీద ఎస్39 అని ఉన్న చోట లింకు కలిపితే రంగులొస్తాయి గానీ అక్షరాలు అలుక్కుపోతాయి, అందుకే కలపలేదు. పసుపెక్కిన మూతను పెరాక్సైడ్‌తో తెల్లగా చేయమన్నవాళ్లున్నారు. నలభై ఏళ్ల వయసు కనపడితే తప్పేముంది?

ప్రోగ్రాములు క్యాసెట్ నుంచి ఎక్కించుకోవాలి, నా దగ్గర టేప్ రికార్డర్ లేదు. ఫోన్ ఇయర్‌ఫోన్ జాక్ నుంచి క్యాసెట్ సాకెట్‌కు తీగ కట్టుకున్నాను. ‘సెర్చింగ్’ అంది, ‘లోడింగ్’ అంది, కొన్ని బ్లాకులు దాటాక ‘డేటా?’, ‘రివైండ్ టేప్’. వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఫోన్‌లో ఈక్వలైజర్ ఆపేశాక చివరిదాకా ఎక్కింది.

ఇక మిగిలింది ఫ్లాపీ. నా బోర్డులో డిస్క్ కంట్రోలర్ సాకెట్ ఖాళీ. అందులో ఉండాల్సిన 8271 చిప్ కోసం వెతకడం కంటే, దాని బదులు పనిచేసే 1770 చిప్ ఉన్న చిన్న బోర్డు తెప్పించుకోవడమే మేలనుకుంటున్నాను.