పరువు తర్వాత, ముందు పిల్ల

బెంగళూరులో స్థిరపడిన మాలాంటి తెలుగు కుటుంబాలకు ఒక అలవాటుంది. అపార్ట్‌మెంట్‌లో మన జిల్లా వాళ్ళు తగిలితే చాలు, నెల తిరక్కుండానే అక్క, బావ, వదిన అయిపోతాం. అమ్మానాన్నలు, అత్తమామలు అనంతపురంలో ఉండిపోతే, అర్ధరాత్రి పిల్లకి జ్వరమొస్తే ఆటో కోసం పరిగెత్తేది వీళ్ళే. కానీ ఈ దగ్గరితనం వల్లే ఎవరింట్లో ఏం జరిగినా గుట్టుగా ఉంచేద్దాం అనుకుంటాం. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగితే అలా ఉంచడం నేరం. ఇది మనలో చాలామందికి తెలియదు.

ఒక రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి తన స్నేహితురాలి సంగతి చెప్పింది. ట్యూషన్ టైమయ్యేసరికి ఆ పిల్లకి కడుపునొప్పి వస్తోందట. "సార్ పక్కన కూర్చోమంటే దానికి భయమమ్మా. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది" అంది. ఆ పిల్ల ఎవరో ఆనవాలు దొరికే వివరాలేవీ ఇక్కడ రాయను. చట్టం కూడా ఒప్పుకోదు. మా అమ్మాయిని గుచ్చి గుచ్చి అడగకుండా, నేరుగా ఆ తల్లి దగ్గరికి వెళ్ళాను. ఆమె తలుపు దగ్గరగా వేసి, "నాకూ అనుమానంగానే ఉందక్కా. పోలీసులంటే ఊరంతా తెలిసిపోదా? రేపు దాని పెళ్ళి సంగతేంటి? ట్యూషన్ మాన్పించేస్తాలే" అంది.

ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. కానీ ఈ పిల్లని మాన్పిస్తే రేపు అదే చాప మీద ఇంకో పిల్ల కూర్చుంటుంది.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, నేరం జరిగిందని తెలిసినా, జరిగేలా ఉందని అనిపించినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. ఎవరైనా అంటే టీచర్లు, డాక్టర్లే కాదు, పక్కింటివాళ్ళం కూడా. రుజువులు వెతకడం మన పని కాదు. మంచి ఉద్దేశంతో చెబితే, తర్వాత అది నిజం కాదని తేలినా మన మీద కేసు ఉండదు. దాచితే మాత్రం ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. స్కూలు నడిపేవాళ్ళు తమ సిబ్బంది చేసినదాన్ని కప్పిపుచ్చితే ఏడాది దాకా జైలు, జరిమానా. చెప్పలేదని పిల్లల్ని మాత్రం శిక్షించరు. ఒట్టు తప్పానని ఏడ్చిన మా అమ్మాయికి ఇదంతా ఎలా చెప్పాలో తెలియక, "నువ్వు చేసింది మంచి పని" అని మాత్రం చెప్పాను.

చివరికి ఆ తల్లీ నేనూ కలిసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం. మహిళా ఎస్సై మఫ్టీలో, చుడీదార్ వేసుకుని ఇంటికే వచ్చారు. యూనిఫాంలో రాకూడదు, పిల్లని రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు అన్నది చట్టంలోనే ఉంది. మన పిల్లలకి స్కూల్లో ఇంగ్లీషు, కింద ఆటల్లో కన్నడ. ఆ రోజు ఆ పిల్ల మాత్రం తెలుగు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. తెలుగు వచ్చినావిడని పిలిపించాక తల్లి చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. అనువాదకుల సాయం పిల్లల హక్కు, అడగడానికి మొహమాటపడొద్దు.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు నాకు దీని గురించే టెన్షన్. ఒళ్ళో కూర్చోమని, ముద్దు పెట్టమని పెద్దవాళ్ళు లాగుతారు. పిల్ల వద్దంటే "బెంగళూరు పెంపకం" అంటారు. నమస్కారం పెడితే చాలని నేను అడ్డం నిలబడతాను. పోక్సో కేసుల్లో నిందితులు చాలావరకు పిల్లలకి తెలిసినవాళ్ళేనని ప్రభుత్వ నేర గణాంకాలు చెబుతుంటే, మర్యాద కోసం పిల్లని ఎలా తోస్తాను?

కేసు ప్రత్యేక కోర్టులో నడుస్తోంది. మొన్న ఆ పిల్ల తల్లికి బావగారు ఊరినుంచి వచ్చి, ట్యూషన్ మాస్టారి తరఫువాళ్ళు రాజీకి సిద్ధమన్నారు. రాజస్థాన్‌లో ఒక టీచర్ మీద కేసుని రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని రద్దు చేసి విచారణ సాగించమంది. ఆ సంగతి ఆమెకి ముందే చెప్పి ఉంచాను. ఆమె మాత్రం సుప్రీంకోర్టు మాటే ఎత్తలేదు. "చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను బావా, కాఫీ తాగి వెళ్ళండి" అంది.